ఎర్రమట్టి దిబ్బల దగ్గర మన కిన్నెరసాని ఒడ్డు గుర్తొచ్చింది



మొన్న మేనకోడలి ఇంటికని విశాఖపట్నం పోయాం. ఒక్క రోజుకే హారన్ల మోతకి తల తిరిగింది. రెండో రోజు అల్లుడు భీమిలి రోడ్డులో తీసుకుపోయాడు. మనోళ్లు విశాఖ పోతే సింహాచలంలో దండం పెట్టుకుని, ఆర్కే బీచ్‌లో ఫొటో దిగి బస్సెక్కుతారు. ఒక పూట ఇటు కూడా పోవాలంటాను నేను, సేద్యం చేసేవాడైతే తప్పకుండా.

దారిలో మంగమారిపేట దగ్గర సముద్రం రాతిని తొలిచి తోరణం చేసింది. బాగుంది. కానీ నా కాళ్లు ఆగింది భీమిలికి ఇవతల ఎర్రమట్టి దిబ్బల దగ్గర. వేల ఏళ్ల కింద గాలి తెచ్చి పోసిన ఇసుక అది, అందులో ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. 2014లో జియలాజికల్ సర్వే వాళ్లు జాతీయ వారసత్వ స్థలంగా గుర్తించారు. అల్లుడు అక్కడ తీసిన సినిమాల సంగతి చెబుతున్నాడు. నేను వాన కోసిన గండ్లు చూస్తున్నా. మనిషి దిగితే కనపడడు. గట్టు మీద జీడిమామిడి వేళ్లు గాల్లో వేలాడుతున్నాయి. గోటితో గీకితే మట్టి రాలుతుంది.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటింది, మన బూర్గంపాడు ఏమైందో మీకు చెప్పక్కర్లేదు. అంతకు రెండేళ్ల ముందు, ఇంకో నాలుగు సాళ్లు పత్తి వస్తుందని వాగొడ్డున వెదురు, కానుగలు నేనే కొట్టించా. నీళ్లు తీశాక చూస్తే ఆ సాళ్లూ లేవు, వాటి వెనక అరెకరమూ లేదు. గోదారి తీసుకుపోయిందని అందరికీ చెప్పా. దిబ్బల దగ్గర నిలబడ్డాక ఆ మాట గొంతులో అడ్డం పడింది.

అంత వరదని కానుగ చెట్టు ఆపుతుందా అంటారు. ఆపదు, నిజమే. కానీ నీళ్లు ఎక్కేటప్పుడు కంటే గబగబా తీసేటప్పుడే నానిన ఒడ్డు ఎక్కువ విరిగి పడుద్ది. అప్పుడు పట్టుకునేది వేరే. ఇటుక బట్టీలకు చేలో పైమట్టి అమ్ముకునేవాళ్ల గురించి ఇంకోసారి రాస్తా, ఇప్పుడు రాస్తే తిట్లే వస్తాయి.

2024లో ఆ దిబ్బల పక్కనే యంత్రాలు పెట్టి నేల చదును చేస్తున్నారని పెద్ద గొడవైంది. వాటికోసం అరవడానికి పేపర్లున్నాయి. మన వాగొడ్డుకి ఎవరున్నారు?

ఈ వానలకి ముందే ఒడ్డు వెంట ఆరు గజాలు వదిలేసి వెదురు పెడుతున్నా. పక్క చేను బావ ఇంకా ఒప్పుకోలేదు. ఆయన ఒడ్డు జారితే నాదీ ఆగదు. ఆదివారం పొద్దున్నే ఇద్దరం ఒడ్డు వెంట నడుస్తున్నాం, వచ్చేవాళ్లు రండి.