కొండయాత్రకు ముందే గీయవలసిన గీత



మా కొత్తగూడెము మహిళామండలి హిమాలయములకు పోయివచ్చినదని గత మాసమున ఈ శీర్షికలో రెండు వాక్యములు వ్రాసినంతనే ఉత్తరములు రాసాగినవి. ఖర్చెంతయైనదని కొందఱు, మోకాళ్ల నొప్పులవారు రావచ్చునా యని కొందఱు, మగవారు వెంట లేకుండ ఎట్లు పోతిరని మఱికొందఱు అడిగిరి. ఒక సోదరి మాత్రము, "నడుమ నెవరికైన కష్టము కలిగినచో నేమి చేయదలచితిరి?" అని వ్రాసినది. మొదట జవాబు చెప్పవలసినది ఈమెకే. తక్కిన ప్రశ్నలకు జవాబులు దాని వెనుకనే వచ్చును.

భద్రాచలమువద్ద గోదావరి 43 అడుగులకు వచ్చినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఈ యంకెలు మన ప్రాంతపు పిల్లలకును కంఠస్థములు. 1986లో ఆ నీరు 75.6 అడుగులవఱకు లేచినది. 2022 జూలైలో 71 అడుగులు దాటినది. నీరు వాకిటికి వచ్చిన తరువాత "పోవుదమా, ఉందమా" యని తర్కించుకొనుటకు వ్యవధి యుండదు. అందుచేతనే ఆ యంకెలను ముందుగానే నిర్ణయించి యుంచిరి. వీపున సంచి వేసికొని పదిమందితో కొండలలో నడువబోవువారును ఇట్టి గీతను ఇంటివద్దనే గీసికొనవలెనని నా యభిప్రాయము. అలసిన కాళ్లతో, చలిలో, పైన శిఖరము కనబడుచుండగా చేయు ఆలోచన మంచి ఆలోచన కాదు.

ఎక్కడికి పోవలెనను చర్చలో మొదట పాపికొండలే మా మనస్సునకు వచ్చినవి. 2008లో జాతీయవనముగా ప్రకటింపబడిన ఆ యడవి వేయి చదరపు కిలోమీటర్లకు మించినది, మనకు పొరుగిల్లువంటిది. పోచవరమున పడవ యెక్కి పేరంటపల్లివఱకు పోయి రావచ్చును. కాని పడవయాత్ర వేఱు, నడకయాత్ర వేఱు. వన్యమృగములున్న జాతీయవనములో అటవీశాఖవారి అనుమతి లేక మన యిష్టము వచ్చిన దారిని పట్టి నడచుటకు వీలులేదు. 1972 నాటి చట్టము ఒప్పదు. పడవయైనను నిర్భయము కాదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరి వరదతో నుండగా బయలుదేరిన పర్యాటకుల పడవ కచ్చులూరువద్ద మునిగి పెక్కుమంది ప్రాణములు కోలుపోయిరి. ఆ నీటిని చూచి "నేడు వద్దు" అనుటకు ఒడ్డుననే ఒక గీత యుండి, దానిని అందఱును మన్నించి యుండినచో!

కడకు మేము ఎంచుకొన్నది హిమాచలప్రదేశమున కుల్లూ జిల్లాలోని గ్రేట్ హిమాలయన్ జాతీయవనము. 1999లో జాతీయవనమైన దీనిని 2014 జూను మాసమున యునెస్కోవారు ప్రపంచవారసత్వ స్థలములలో చేర్చిరి. లోపల రోడ్డు లేదు, అంగడి లేదు, సత్రము లేదు. అనుమతిపత్రము తీసికొని, గైడును వెంటబెట్టుకొని, గుడారమును తిండిని మోసికొని కాలినడకనే పోవలెను. వనము చుట్టునున్న పల్లెలలో మన పొదుపు సంఘములవంటి సంఘములు నడుపుకొను స్త్రీలున్నారు. ఒకప్పుడు అడవిలో మూలికలు ఏరుకొని, గొఱ్ఱెలు మేపుకొని బ్రతికిన కుటుంబములకు జాతీయవనము వచ్చిన పిమ్మట ఆ హక్కులు పోయినవి. ఇప్పుడు అచటి యువకులు పెక్కుమంది గైడులుగను, బరువు మోయువారుగను, వంటవారుగను జీవనము సాగించుచున్నారు. కనుక గైడును దూరపు పట్టణములో కాక ఆ లోయలోనే కుదుర్చుకొనుట న్యాయమును, క్షేమమును కూడ. మాకు మొదట తగిలిన ఒక యేజెంటు తక్కువ ధర చెప్పెను. అనుమతిపత్రము మాట యెత్తగనే "అక్కడ చూచుకొందము" అనెను. అతనికి నమస్కారము చేసి వచ్చితిమి.

ఈ వనమునకు పోవు దారిలోనే లార్జీ యను చోట తీర్థన్, సైంజ్ నదులు బియాస్ నదిలో కలియును. ఆ చెంతనే థలౌట్ వద్ద 2014 జూను 8వ తేదీన హైదరాబాదునుండి విహారయాత్రకు పోయిన విద్యార్థులు 24 మంది కొట్టుకొనిపోయిరి. పైనున్న ఆనకట్టనుండి నీరు విడిచినప్పుడు వారు నదిలోని రాళ్లపై నుండిరి. ఆకాశమున మబ్బు లేకున్నను ఆనకట్ట క్రింది నది నిమిషములలో లేచునని ఆ పసివాండ్రకు చెప్పినవారు లేరు. తరువాత అచటి హైకోర్టు ఆ కుటుంబములకు నష్టపరిహార మిప్పించినది. దానికి రెండు వారములు ముందు, అదే సంవత్సరము మే 25న, మన తెలుగు గురుకుల పాఠశాలల పిల్లలు ఇద్దఱు ఎవరెస్టు శిఖర మెక్కిరి. నిజామాబాదు జిల్లా పూర్ణకు అప్పటికి 14 ఏండ్లు నిండలేదు. వెంటనున్న ఆనందకుమార్ నాటి మన ఖమ్మము జిల్లావాడే. వారు భువనగిరి బండపై మొదలుపెట్టి, డార్జిలింగు పర్వతారోహణ సంస్థలోను, లడఖు చలిలోను నెలల తరబడి శిక్షణ పొందిన పిమ్మటనే ఆ కొండ ముఖము చూచిరి. రెండు వారముల వ్యవధిలో వచ్చిన ఈ రెండు వార్తలను నేను విడదీసి తలచుకొనలేను.

ఇక మా యేర్పాట్లు. మేము పదునొకండుగురము. వయస్సు 24 మొదలు 58 వఱకు. పెద్దయామె మా పినతల్లిగారు, బడిపంతులమ్మగా పనిచేసి విరమించినవారు. నెలకు 2,000 రూపాయల చొప్పున పది నెలలు చీటీవలె కూడబెట్టితిమి. ఒకనాటి రాత్రి వారింటి వసారాలో కూర్చుండి, దస్తూరి బాగుండునని ఆమె చేతనే ఒక నోటుబుక్కులో మా గీతలను వ్రాయించితిమి. గైడు మాట లేనిదే ఎవరును నీటిలో దిగరాదు. ఎచటనున్నను మధ్యాహ్నము రెండు గంటలకు ఎక్కుట మాని, దిగుటయో, గుడారము వేయుటయో చేయవలెను. తలనొప్పితో తిండి సహింపనివారు అంతకు పైకి పోరాదు, వారిని ఒంటరిగా దింపరాదు. అందఱికంటె మెల్లగా నడచువారు గైడు వెనుకనే నడువవలెను, తక్కినవారు వారిని దాటిపోరాదు. ఈ చివరిదానికి మా పడుచులు గొణిగిరి. కాని మెల్లగా నడచువారిని చివర విడిచినచో, ముందువారు ఆగి సేదదీరి, వారు చేరగనే లేచి పోవుదురు. ఆమెకు విశ్రాంతి యెక్కడిది?

లెక్కపెట్టుట మాత్రము మన గనులనుండి నేర్చుకొంటిమి. సింగరేణి గనిలోనికి దిగువారు దీపపు గదిలో దీపము పుచ్చుకొని, పైకి వచ్చి మరల నప్పగింతురు. రాని దీప మొకటి యున్నచో మనిషి ఇంకను లోపలనే యున్నాడని తెలియును. మేమును పదునొకండు రంగురిబ్బనులు చేసి, గుడారము చేరగనే ఎవరి రిబ్బను వారు ఒక త్రాటికి కట్టునట్లు ఏర్పాటు చేసికొంటిమి. పిల్లలాట యని నవ్విరి గాని, రెండవనాటి పొగమంచులో ఎవరును నవ్వలేదు.

బరువు సంగతి వినుడు. దినములకొలది మోయు సంచి మన యొంటి బరువులో అయిదవ వంతుకు మించరాదందురు. 55 కిలోల స్త్రీకి 11 కిలోలు. ఏబది దాటినవారికి అందులో సగమే మేలు, తక్కినది కూలి యిచ్చి మోయించుకొనవచ్చును, అది నామోషీ కాదు. మొదటిసారి కిరాణాకొట్టు కాటాపై తూచగా నా సంచి 16 కిలోలుండెను! విప్పి చూడగా మూడు దుప్పట్లు, గోంగూర పచ్చడి సీసా, ఇస్త్రీ చీరలు రెండు. నాలుగు మాసములు ముందునుండి, మొదటి షిఫ్టువారు పనికి బయలుదేరు వేళకు లేచి, సంచిలో బియ్యము పోసికొని నడచితిమి. మొదట రెండు కిలోలు, వారమునకొక కిలో హెచ్చు. ఆదివారములు కిన్నెరసాని పోయి కట్టపైనను, ఆ చుట్టుపట్లను నడచితిమి. సమతలమున నడచిన కాళ్లు దిగుడులో మొఱాయించును గనుక మేడమెట్లు ఎక్కి దిగుట మఱవకుడు. మోకాళ్లు నొచ్చునది ఎక్కునప్పుడు కాదు, దిగునప్పుడే. రక్తపుపోటు, ఆయాసము, మధుమేహము ఉన్నవారు వైద్యునకు చూపించుకొనక పేరీయరాదు. దాచిపెట్టుట ధైర్యము కాదు.

నూలుబట్ట మన యెండలకు దేవతావస్త్రము; ఆ చలిలో మాత్రము శత్రువు. చెమటకు తడిసినచో ఆరదు, వేడిని లాగివేయును. ఒంటినంటి త్వరగా ఆరు బట్ట, పైన ఉన్ని, ఆపైన వానకు తడవని కోటు చాలును. కుల్లూ స్త్రీలు ఉన్ని పట్టు చుట్టుకొని కట్టెలమోపుతో కొండలెక్కుట చూచి మా వదినగారు చీర కట్టుకొందునని పట్టుపట్టిరి. మొదటి వాగు దాటునప్పుడే సల్వారులోనికి మాఱిరి. బూట్లు కొని రెండు మాసములు తొడిగి మెత్తబఱుపుడు. నెలసరికి వలయు సామగ్రి, తేదీ కాకున్నను, ఉంచుకొనుడు. ఎత్తులకు పోయినప్పుడు తేదీ తప్పుట వింతకాదు. వాడినవానిని గట్టి సంచిలో కట్టి వెనుకకు తేవలెను; అడవిలో పాతరాదు, కాల్చరాదు. తిండికి అటుకులు, పల్లీపట్టి, కొబ్బరి లౌజు తీసికొంటిమి. పచ్చడి సీసా ఢిల్లీ దాటకముందే ఒలికి ఒకరి సంచిని పావనము చేసినది.

మన కొత్తగూడెము స్టేషనుకు పేరు మాత్రము భద్రాచలము రోడ్డు. అచట రైలెక్కి వరంగల్లు చేరి, ఢిల్లీబండి పట్టి, అచటినుండి మనాలి దారిలో ఔట్ వఱకు బస్సు. అటుపై బంజార్ మీదుగా గుశైనీ. వానకాలమున పోకుడు. 2023 జూలై వరదలకు బియాస్ వెంట రోడ్లే కోసుకొనిపోయినవి. ఏప్రిలు చివరినుండి జూను మొదలువఱకు, సెప్టెంబరు చివరినుండి నవంబరు మొదలువఱకు అనుకూలము. మేము అక్టోబరులో పోతిమి. వనములో టెలిఫోను పనిచేయదు గనుక ఏ రాత్రి ఎచటనుందుమో, ఏనాటికి వార్త రాకున్న ఎవరిని విచారింపవలెనో వ్రాసి ఇంట నిచ్చి పోతిమి. మగవారు వెంట లేకపోవుటకు మా యిండ్లలో ఒప్పించినది మా మాటకారితనము కాదు, ఆ కాగితమే.

గుశైనీనుండి సుమారు 10 కిలోమీటర్లు తీర్థన్ నది వెంట నడచినచో రోల్లా. మఱునాడు నిటారుగా ఎక్కి శిల్ట్ చేరితిమి. అది 3,000 మీటర్లకు పైమాట. సముద్రమట్టమునకు నూరు మీటర్లకు అటునిటుగా బ్రతుకు మనకు ఆ గాలి పలుచన. ఆ రాత్రి పొయ్యిచుట్టు కూర్చుండగా పినతల్లిగారు రొట్టె తుంచి ముక్కను ప్రక్కన పెట్టిరి. "తల నొచ్చుచున్నదా, మాతాజీ?" అని గైడు హిందీలో అడిగెను. ఆమె లేదనిరి. అతడు మరల నడుగలేదు గాని ఆమె పళ్లెమువంక చూచుచునే యుండెను. అర్ధరాత్రి ఆమె వెలుపలికి పోయి వాంతి చేసికొని, ఎవరికిని చెప్పవద్దని నా చేయి పట్టుకొనిరి.

చెప్పితిని. ఉదయమున మాలో నర్సుగా పనిచేయు అమ్మాయి నోటుబుక్కు తెచ్చి ఆమె ముందు తెఱచి పెట్టినది. ఏమియు అనలేదు. "నాలుగు నెలలు బియ్యము మోసి, ఇంత దూరము వచ్చి, ఇచటనుండి వెనుకకా?" అని పినతల్లిగారు కంట నీరు పెట్టుకొనిరి. పిమ్మట చాలసేపు ఆ పుట చూచి, "దస్తూరి నాదే కదమ్మా" అని వంగి బూట్లు కట్టుకొనిరి. ఒంటరిగా దింపరాదని వ్రాసికొంటిమి గనుక నేనును, గైడు తమ్ముడును ఆమెతో దిగితిమి. తక్కినవారు పైనున్న రాఖుండికి పోయిరి. మంచుశిఖరములను, మోనాల్ పక్షులను చూచిరట. నాకు దారిలో ఒక నీలి యీక కనబడినది. చేతబట్టి చూచి అచటనే విడిచితిని. అచటిది ఏదియు తేరాదు. పోలేకపోతినే యని ఆనాడు నాకును కొంత కష్టముగనే యుండెను, దాచనేల?

రోల్లా చేరుసరికి ఆమె తలనొప్పి తగ్గినది. సాయంకాలము రెండు గరిటెల కిచిడి తిని, ఉప్పు చాలలేదనిరి.

వచ్చే అక్టోబరునకు మండలిలో మరల పేర్లు వ్రాయుచున్నారు. ఈసారి ఎక్కుటకు ముందు రోల్లాలో రెండు రాత్రులుండవలెనని నోటుబుక్కులో క్రొత్త పంక్తి చేరినది. ఆ దస్తూరియు పినతల్లిగారిదే. క్రింద మొదటి పేరును ఆమెదే.