మొహమాటంతో కారు కొనకండి

కిందటి వారం ఏలూరు నుంచి ఒక తల్లి నాకు జాబు రాశారు. "మా అబ్బాయీ కోడలూ మూడు నెలల క్రితం అమెరికాలో హ్యూస్టన్ వెళ్ళారు. అక్కడ కారు లేనిదే పాలు కూడా తెచ్చుకోలేమంటున్నారు. కొత్తది కొనే స్తోమతు లేదు. మనవైపు ఆయన ఒకరు తన దగ్గరున్న పాత కారు యిస్తానన్నారుట. మనవాళ్ళే గనక కళ్ళు మూసుకుని తీసుకోమన్నాను. మీరు ఆ వూళ్ళో కాపురం చేసి వచ్చారని తెలిసింది. నేను చెప్పింది సబబేనా?"

అమ్మా, అంతా సబబే గాని, ఆ "కళ్ళు మూసుకుని" అన్న మాట ఒక్కటి వెనక్కి తీసుకోండి. ఎంచేతనంటే, ఒకప్పుడు నేనూ అల్లాగే కళ్ళు మూసుకోబోయాను.

మేము 2018 జనవరిలో హ్యూస్టన్‌లో దిగాము. ఆ వూరు ఎంత విశాలమంటే, మా యింటికి కూరగాయల దుకాణం నాలుగు మైళ్ళు, మావారి ఆఫీసు పంధొమ్మిది మైళ్ళు. బస్సు వుందిగాని అది మా గుమ్మం దాకా రాదు. మొదటి నెలంతా స్నేహితుల కార్లలో వెళ్ళి, వాళ్ళ వీలుకి మన ఆకలిని సర్దుకున్నాము. యిక లాభం లేదని కారు కొనడానికి సిద్ధపడ్డాము.

చేతిలో వున్నది 9,500 డాలర్లు. ఆనాటి మారకంలో ఆరు లక్షల రూపాయల పైమాట. అందులో సగానికి పైగా కాకినాడలో పన్నెండేళ్ళు పాఠాలు చెప్పి నేను కూడబెట్టుకున్న ప్రావిడెంటు ఫండు. నా వీసా మీద అక్కడ వుద్యోగం చేసే వీలు లేదు. అంటే ఆ డబ్బు పోతే మళ్ళీ నేను సంపాయించేది కాదు. అప్పు తీసుకుందామా అంటే, కొత్తగా వచ్చినవాళ్ళకి అప్పు తీర్చిన చరిత్ర అక్కడ వుండదు. బ్యాంకు యిచ్చినా వడ్డీ నడ్డి విరుస్తుంది.

అటువంటి సమయంలో పేర్‌లాండు మీనాక్షి గుడిలో ఒకాయన పరిచయమయ్యారు. మా పక్క వూరివారే. నన్ను "చెల్లెమ్మా" అన్నారు, మావారిని "బావగారూ" అన్నారు. పండగపూట భోజనానికి పిలిచారు. వారి ఆవిడ గోంగూర పచ్చడి కట్టి యిచ్చింది. వుద్యోగం చేసుకుంటూనే వేలంపాటలో కార్లు కొని అమ్ముతుంటారుట. నాలుగేళ్ళ పాతదైన వెండిరంగు కారు చూపించి, "బయట పదివేలకి తక్కువ రాదు. మీరు మనవాళ్ళు గనక ఎనిమిది వేలకి యిస్తాను" అన్నారు.

కారు అద్దంలా మెరుస్తోంది. తలుపు తీస్తే గుప్పున సెంటు వాసన. ఆ వాసనే నా మనసుకి పట్టలేదు.

మా తాతగారు ఎద్దుల్ని కొనేటప్పుడు నేను వెంట వెళ్ళేదాన్ని. అమ్మేవాడు ఎంత దగ్గరి బంధువైనా సరే, ఆయన ఎద్దు పళ్ళు చూసేవారు, సుడులు చూసేవారు, కాడి కట్టించి నడిపించి చూసేవారు. అమ్మేవాడు కోపగించుకోగా నేనెన్నడూ చూడలేదు. అంచేత ధైర్యం చేసి, "అన్నయ్యగారూ, ఒకసారి మెకానిక్కుకి చూపించి తీసుకుంటాము" అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. "నా మీద నమ్మకం లేదా చెల్లెమ్మా?"

మావారు నా వంక చూసిన చూపు యిప్పటికీ మరిచిపోలేదు. యింటికి వచ్చాక, "వాళ్ళ యింట్లో భోజనం చేశాం. ఆ మాట ఎల్లా అనగలిగావు?" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యీ పరాయి వూళ్ళో వున్న ఒక్క ఆత్మీయుణ్ణీ దూరం చేసుకున్నానే అని ఒక పక్క. పన్నెండేళ్ళ కష్టం అని యింకో పక్క. తెల్లారేసరికి ఒక నిశ్చయానికి వచ్చాను. మెకానిక్కు ఖర్చు నూట యిరవై డాలర్లు. పోతే అదే పోతుంది. ఆయనకి నేనే ఫోను చేసి, "నమ్మకం మీ మీద వుంది అన్నయ్యగారూ, కారు మీద యింకా కుదరలేదు" అన్నాను. ఆయన నవ్వక తప్పలేదు.

మెకానిక్కు వియత్నాం నుంచి వచ్చి స్థిరపడిన పెద్దమనిషి. కారుని లిఫ్టు మీద పైకెత్తకుండానే ముందు సీటు బెల్టు పట్టుకుని చివరికంటా లాగాడు. లోపల దాగి వున్న భాగం మీద చారగా బురద మరక! సీటు కింద బోల్టులన్నీ తుప్పు. వెనక డిక్కీలో స్టెపినీ చక్రం తీస్తే, దాని గుంటలో సన్నని వండ్రు. కింద పరిచిన తివాసీ మాత్రం కారుకన్న కొత్తది. "హార్వీ" అన్నాడాయన ఒక్క మాట.

2017 ఆగస్టులో హార్వీ తుఫాను హ్యూస్టన్‌ని ముంచెత్తినప్పుడు కార్లు లక్షల్లో నీళ్ళపాలయ్యాయి. పూర్తి బీమా వున్న కారైతే కంపెనీ పరిహారం యిచ్చి కారుని స్వాధీనం చేసుకుంటుంది. టైటిలు అనే యాజమాన్యపు కాగితం మీద వరదలో పాడైనట్టు ముద్ర పడుతుంది. బీమా లేని కారైతే ఆ లెక్కలోకే రాదు. ఎండబెట్టి, కడిగి, సెంటు కొట్టి అమ్మేస్తారు. కాగితం శుభ్రంగానే వుంటుంది. అల్లాటి కారు ఆ పూట బాగానే నడుస్తుంది. కొన్ని నెలలకి లోపలి వైర్ల కొసలు చిలుమెక్కి, ఒకరోజు దీపాలు, యింకోరోజు బ్రేకుల యంత్రాంగం, మరోరోజు గాలిసంచీ మొండికేస్తాయి.

ఆ సంగతి చెప్పినప్పుడు పక్కవూరి అన్నయ్యగారు నిర్ఘాంతపోయారు. వేలంలో ఆయన కూడా కాగితం చూసి, మెరుపు చూసి కొన్నారు. ఆయన్ని దొంగ అనడానికి నాకు నోరు రాదు. మనల్ని మోసం చెయ్యని మనిషి కూడా, తాను మోసపోయి వుంటే, ఆ మోసాన్ని మనకి అందించగలడు.

తరువాత మేము కొన్నది 2012 టొయోటా కరోలా. రిటైరైన ఒక పంతులమ్మగారిది. 78,000 మైళ్ళు తిరిగింది. ఎప్పుడు నూనె మార్పించిందీ, ఎప్పుడు టైర్లు వేయించిందీ రసీదులన్నీ ఒక కవరులో దాచింది. 8,700కి బేరం కుదిరింది. టెక్సాస్‌లో అమ్మకపు పన్ను నూటికి 6.25, అది యిచ్చి, టైటిలు మార్పించుకుని, బీమా కట్టేసరికి మా గుల్ల ఖాళీ అయింది.

యింతకీ కరోలాయే ఎందుకంటే, పెట్రోలు లెక్క. మావారికి అందరిలా పెద్ద జీపులాంటి బండి కావాలని వుండేది. ఒకరోజు కాగితం మీద లెక్క కట్టాను. ఏడాదికి 12,000 మైళ్ళు తిరుగుతామనుకుందాం. గ్యాలనుకి 20 మైళ్ళిచ్చే పెద్ద బండికి 600 గ్యాలన్లు కావాలి. ప్రభుత్వపు అంచనా ప్రకారం సగటున 29 మైళ్ళిచ్చే కరోలాకి 414 చాలు. గ్యాలను మూడు డాలర్లనుకుంటే ఏడాదికి 558 డాలర్లు మిగులుతాయి. మరి 50 మైళ్ళిచ్చే ప్రియస్ కొనకూడదా అని మీరడగవచ్చు. దానికి 240 గ్యాలన్లే. కరోలా మీద యింకో 522 డాలర్లు మిగులు. కాని ఆనాడు మా డబ్బుకి దొరికినవన్నీ బాగా ముసలివి. వాటి పెద్ద బ్యాటరీ మార్చవలసి వస్తే, ఎన్నో ఏళ్ళ మిగులు ఒక్కసారే పోతుంది. బ్యాటరీ పరీక్షించి, బాగుందని తేలితే అదీ మంచి బేరమే.

యిప్పుడు మీ అబ్బాయి చెయ్యవలసినవి చెబుతాను.

ప్రతి కారుకీ 17 అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక సంఖ్య వుంటుంది. అదే దాని జాతకం. డ్రైవరు వైపు అద్దం దగ్గరా, తలుపు పక్కనా, టైటిలు మీదా అది ఒక్కటిగానే వుండాలి. ఆ సంఖ్యతో పాత ప్రమాదాల రిపోర్టు తెప్పించుకోవచ్చు. కంపెనీ లోపమని ప్రకటించి వుచితంగా బాగుచేయవలసినవి మిగిలి వున్నాయేమో ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ వద్ద డబ్బివ్వకుండానే చూసుకోవచ్చు. రిపోర్టులో తప్పు కనబడితే వదిలెయ్యాలి. కనబడకపోతే మాత్రం తప్పు లేదని కాదు. మా వెండిరంగు కారు అందుకు సాక్షి.

చూడబోయే ముందు యింజను వేడి చెయ్యవద్దని అమ్మేవారికి చెప్పాలి. చల్లని యింజను మొదటిసారి కదిలినప్పుడే దాని దగ్గూ ఆయాసమూ బయటపడతాయి. నీలిపొగ వస్తే నూనె కాలుతున్నట్టు. తరువాత పెద్ద రోడ్డు మీద యిరవై నిమిషాలు నడపాలి. ఏ.సి. సంగతి మరువవద్దు, హ్యూస్టన్ వేసవి మన విజయవాడ వేసవికి తీసిపోదు.

దుకాణంలో కొంటే అద్దానికి అంటించిన కాగితం చదవాలి. "యాజ్ ఈజ్" అని వుంటే, గేటు దాటాక వచ్చే మరమ్మతులన్నీ మనవే. మూడు రోజుల్లో తిరిగి యివ్వవచ్చని ఎవరో చెబుతారు. దుకాణానికి వెళ్ళి కొన్న కారుకి అల్లాటి చట్టం కేంద్రప్రభుత్వంలో లేదు. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకి ఏటేటా చేసే భద్రతా తనిఖీ కూడా ఎత్తేశారు. హ్యూస్టన్ ప్రాంతంలో పొగ పరీక్ష మాత్రం వుంది. అంచేత మన మెకానిక్కు కళ్ళే మనకి రక్ష. ఆ మెకానిక్కుని మనమే వెతుక్కోవాలి, అమ్మేవారు చూపించిన వాణ్ణి కాదు.

మేము 2022లో తిరిగి వచ్చేశాం. చిప్పుల కరువు వల్ల అప్పటికి పాత కార్ల ధరలు మండిపోతున్నాయి. మా కరోలా కొన్న ధరకి పెద్దగా తగ్గకుండానే అమ్ముడుపోయింది. కొనడానికి వచ్చినవాళ్ళు కొత్తగా దిగిన దంపతులు, మన గుంటూరు వైపు పిల్లలు. ఆ అమ్మాయి కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఏదో అడగబోయి, "మీరు చెప్పాక యింకేముందండీ, పిన్నిగారూ" అని వూరుకుంది.

ఆ మొహమాటం నాకు తెలుసు. అందుకని నేనే వియత్నాం పెద్దమనిషి చిరునామా రాసి, తాళంచెవులు చేతిలో పెట్టాను. "ముందు ఆయనకి చూపించి రా అమ్మా. ఆ తరవాత కాఫీ తాగుతూ బేరం మాట్లాడుకుందాం" అన్నాను.

ఏలూరు తల్లిగారూ, మీ అబ్బాయికి కారు యిస్తానన్న పెద్దమనిషి కూడా ఆ మాటే అంటే, చాలా మంచివారిని పట్టుకున్నాడన్నమాట. అనకపోతే మీ అబ్బాయినే అడగమనండి. నిజమైన ఆత్మీయత ఆ ఒక్క ప్రశ్నకి చెడిపోదు.