గీతల చిక్కుకు రంగుల విరుగుడు

బిందువులను గీతలతో కలిపి సంబంధాలను చూపే బొమ్మను గణితశాస్త్రంలో గ్రాఫ్ అంటారు. ఊళ్లను కలిపే రైలు మార్గాలు, కంప్యూటర్లను కలిపే తీగలు, మనుషులను కలిపే చుట్టరికాలు అన్నీ ఈ రూపంలో చూపదగినవే. పది బిందువుల బొమ్మను పసివాడైనా చదువగలడు. బిందువులు వందకు చేరి, గీతలు ఒకదానినొకటి దాటుతూ అల్లుకున్నప్పుడు, ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ చేరుతున్నదో పెద్దలకు సైతం అంతుపట్టదు. అప్పుడు చాలామంది రంగుపెట్టెను ఆశ్రయిస్తారు. అయితే రంగును అందానికి చల్లడం వేరు, కంటికి దారి చూపడానికి వాడడం వేరు. ఈ భేదాన్ని విస్మరించిన బొమ్మలే ఎక్కువగా కనబడుతున్నాయి.

లండన్ నగరపు రైలు పటమే ఇందుకు మంచి పాఠం. హ్యారీ బెక్ 1931లో రూపొందించిన భూగర్భ రైలు పటం 1933లో ప్రజలకు అందింది. అతడు అసలు దూరాలను, వంకరలను విడిచిపెట్టి, అడ్డ, నిలువు, ఏటవాలు గీతలతో ఒక్కొక్క మార్గాన్ని ఒక్కొక్క రంగులో చూపాడు. అదే నగరంలో 2007లో ఓవర్‌గ్రౌండ్ రైళ్లు మొదలైనప్పుడు మాత్రం వాటన్నిటికీ నారింజ రంగు ఒక్కటే ఇచ్చారు. శాఖలు పెరిగిన కొద్దీ పటమంతా నారింజ గీతల చిక్కుముడి అయింది. చివరకు 2024లో ఆరు మార్గాలకు ఆరు పేర్లు, ఆరు రంగులు కేటాయించారు. తొలి రంగు సంస్థను గుర్తు చేసిందే గాని ప్రయాణికుని దారిని గుర్తు చేయలేదు. రంగు ఎవరి అవసరం కోసం అన్న ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ఈ ప్రశ్న విదేశాలలోని తెలుగు కుటుంబాలకు మరింత దగ్గరిది. తాతముత్తాతల వివరాలు సేకరించి పిల్లల కోసం వంశవృక్షం గీసే వారు అనేకులు. చెట్టుకొమ్మలు విడిపోతాయే గాని తిరిగి కలుసుకోవు. మేనరికాలున్న కుటుంబంలో అవి కలుసుకుంటాయి. అన్నాచెల్లెళ్లలో అన్న కూతురు, చెల్లెలి కొడుకు పెండ్లాడితే, వారి బిడ్డకు తల్లి వైపు నుండి, తండ్రి వైపు నుండి ఒకే ముత్తాత. మేనమామను చేసుకున్న చోట గీత ఒక తరం వరుస నుండి మరొక తరం వరుసకు ఏటవాలుగా పోతుంది. ఇది పేరుకు వృక్షమే గాని నిజానికి వల. బంధువులను ఫోనులోనే ఎరిగిన పిల్లలు ఆ వలలో ఒక్క గీతను తప్పుగా చదివితే మేనబావ కాస్తా అన్న అవుతాడు. వరుసలు చెప్పడానికి గీసిన బొమ్మ వరుసలనే తారుమారు చేస్తుంది.

సాధారణంగా ఇంటిపేరును బట్టియో, తరాన్ని బట్టియో పేర్ల గడులకు రంగులు వేస్తారు. కాని కన్ను తడబడేది గడి వద్ద కాదు, గీతలు దాటుకునే చోట. రెండు గీతలు లంబంగా దాటుకుంటే చూపు తిన్నగా సాగిపోతుంది. సన్నని కోణంలో దాటుకుంటే చూపు ఒకదాని నుండి మరొకదానిపైకి జారిపోతుంది. యీఫాన్ హు, లేయ్ షీ అనే పరిశోధకులు 2014లో ప్రతిపాదించిన పద్ధతి ఈ సూక్ష్మం పైననే ఆధారపడినది. ముందుగా పరస్పరం భ్రమ గొలిపే గీతల జంటలను ఏరుకోవాలి. అట్టి ప్రతి జంటకు వీలైనంత భిన్నమైన రంగులు ఇవ్వాలి. ఎన్నడూ తారసపడని గీతలకు ఒకే రంగు ఉన్నా నష్టం లేదు. దేశపటంలో ఇరుగుపొరుగులకు వేర్వేరు రంగులు వేసే నియమానికి ఇది తోబుట్టువు. ఏ పటానికైనా నాలుగు రంగులు చాలునా అని 1852లో ఫ్రాన్సిస్ గుత్రీ అడిగిన ప్రశ్నకు 1976లో ఆపెల్, హాకెన్ కంప్యూటరు సాయంతో చాలునని నిరూపించారు. గీతల జంటలకు మాత్రం అట్టి హామీ లేదు.

దాటుడులు లేకుండా గీస్తే రంగులతో పనియేమి అని ఆక్షేపించే వారున్నారు. వారి మాటలో నిజం లేకపోలేదు. తగ్గించగలిగినన్ని దాటుడులు ముందే తగ్గించాలి. కాని ఐదు బిందువులను ఒకదానితో ఒకటి అన్నిటినీ కలిపితే కాగితంపై కనీసం ఒక దాటుడైనా తప్పదన్నది గణితసత్యం. తరాలను వరుసగా పేర్చాలన్న నియమం తోడైతే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. తప్పనిసరిగా మిగిలిన చిక్కుకే రంగు మందు.

ఆ మందు అందరికీ పనిచేయదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియని వర్ణాంధత్వం ఉత్తర ఐరోపా సంతతి పురుషులలో సుమారు 8 శాతం మందికి ఉన్నది. ఇతర జాతులలో తక్కువైనా లేకపోలేదు. తల్లి నుండి కొడుకుకు సంక్రమించే ఈ లోపం ఇంటిలో ఎవరికీ తెలియకనే ఉండవచ్చు. పైగా స్వగ్రామానికి పంపిన బొమ్మను అక్కడ జిరాక్స్ తీయిస్తే రంగులన్నీ నలుపు తెలుపులైపోతాయి. కనుక ఏ సమాచారాన్నీ రంగు ఒక్కదానికే అప్పగించరాదు. నీలం, నారింజ వంటి జంటలను ఎంచుకోవడం, ఒకటి ముదురుగా మరొకటి లేతగా ఉంచడం, కొన్నిటిని చుక్కల గీతలుగా వేయడం క్షేమం. వంశపారంపర్య వ్యాధులను పరిశీలించే వైద్యులు రక్తసంబంధికుల వివాహాన్ని జంటగీతతో గుర్తిస్తారు. మేనరికానికి అదే గుర్తు వాడితే ఆ కాగితం రేపు వైద్యునికి కూడ అక్కరకు వస్తుంది.

వంశవృక్షం గీయ సంకల్పించిన తల్లిదండ్రులు మొదట పెన్సిలుతో గీసి, వేలితో గీతలను అనుసరించమని పిల్లలనే కోరాలి. వేలు ఎక్కడ ఆగి తడుముకుంటుందో అక్కడ రంగు వేయాలి. తక్కిన చోట్ల నల్లసిరాయే చాలును.