పటములో కనబడని కప్పలు

వానలు వెనుకబడినప్పుడు రోకలికి కప్పను గట్టి, ఇంటింటికిని త్రిప్పి, దానిపై నీరు పోయించుట తెలుగు పల్లెలలో పాత ఆచారము. ఆ కప్పకు అది సుఖముగా నుండెనో లేదో వేరు మాట. వానకును కప్పకును గల పొత్తును పల్లెవారు ఎరుగుదురనుటకు మాత్ర మిది సాక్ష్యము.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతము వాన తక్కువ సీమ. ఒకవైపు రాతిగుట్టలు, వేరొకవైపు ప్రత్తి పండు నల్లరేగడి చేలు, నడుమ తుంగభద్ర దిగువ కాలువ. ఇట్టి మెట్టనేలలలో కప్పలు ఎట్లు బ్రతుకును? కొన్ని జాతులు వెనుక కాళ్లతో మన్ను త్రవ్వుకొని వేసవియంతయు భూమిలో దాగియుండును. తొలకరి పడగానే పైకివచ్చి కుంటలలో గ్రుడ్లు పెట్టును. పిల్లలకు కాళ్లు వచ్చి తోక పోవువరకు ఆ నీరు నిలువవలెను. కుంట ముందే యెండెనా, ఆ యేటి సంతతి పోయినట్లే. కప్ప ఊపిరితిత్తులతో పాటు పలుచని చర్మముతోను శ్వాసించును. కావున చేలపై చల్లిన పురుగుమందు కుంటలోనికి దిగినచో దానికి తప్పించుకొను దారి లేదు.

ప్రపంచములోని ఉభయచరములలో సుమారు 41 శాతము అంతరించు ప్రమాదములో నున్నవని 2023లో వెలువడిన పరిశీలన తెలిపెను. కప్పకాళ్ల ఎగుమతిని భారత ప్రభుత్వము 1987లో నిషేధించెను. నిషేధము కప్పను కత్తినుండి కాపాడెను గాని కుంటను కాపాడజాలదు. అందులకు ఏ కుంటలో ఏ కప్ప యున్నదో ముందు తెలియవలెను.

ఈ పని కొలదిమంది శాస్త్రజ్ఞులవలన కాదు. ఆస్ట్రేలియా మ్యూజియము 2017లో ఒక కార్యక్రమము నారంభించెను. ప్రజలు చేతిఫోనులలో కప్పల కూతలను పట్టి పంపుదురు; నిపుణులు విని జాతిని నిర్ణయింతురు. ఏ జాతి కూత ఆ జాతిదే గదా! భారతదేశమున పక్షుల విషయములో ఇట్టి ప్రయత్నమే ఫలించినది. 30,000 మందికి పైగా పరిశీలకులు పంపిన సుమారు 3 కోట్ల నమోదులతో దేశపు పక్షుల స్థితిపై 2023లో నివేదిక వచ్చినది.

సామాన్యులు తప్పులు వ్రాయుదురని కొందరి ఆక్షేపణ. చిత్రమును గాని కూతను గాని నిపుణులు సరిచూచునపుడు ఆ భయము కొంతయే. అసలు లోపము వేరు. వివరములు పంపువారు పట్టణములలోను, రహదారుల చెంతను, విహారమునకు పోవు కొండలలోను ఎక్కువ. అందుచే పటమున చుక్కలు కప్పలున్న చోటనే గాక, చూచువారున్న చోట పడుచుండును. చుక్క లేని పల్లెలో కప్పయే లేదని తలంచి, కుంట పూడ్చుటకు వెనుదీయనివారు ఉండవచ్చును.

ఎమ్మిగనూరు చేరువ పల్లె విద్యార్థి యొకడు ప్రతి వానకు మరునాటి రాత్రి ఒకే కుంటగట్టున అయిదు నిమిషములు నిలిచి, తేదీయు, వేళయు, వినిన కూతలును వ్రాసినచో, నగరమున తీసిన నూరు ఛాయాచిత్రములకంటె అది మేలు. ఏ కూతయు వినబడనినాడు 'వినబడలేదు' అనియే వ్రాయవలెను. అందరును విడిచిపెట్టునది ఆ నమోదునే. కప్పను పట్టుకొననక్కరలేదు. పెద్దల తోడు లేనిదే రాత్రివేళ నీటిదరికి పోరాదు. పాములును కప్పలకొరకే అచ్చటికి వచ్చును.