అందరాని తొర్రలలో తేనెటీగల కుటుంబాలు – తరలింపులో విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

పాత బడి గోడ పగులులోనో, దేవాలయ మండపపు రాళ్ళ సందులోనో, చెరువు గట్టున ఉన్న చింతచెట్టు తొర్రలోనో తేనెటీగలు చేరినపుడు గ్రామాలలో సాధారణంగా రెండు మార్గాలే కనిపిస్తాయి. ఒకటి కిరోసిన్ కాగడా, రెండవది పురుగుమందు పిచికారీ. రెండూ పనిని ఒక్క పూటలో ముగించినట్లే తోస్తాయి. అందువల్ల సలహాకు వచ్చే రైతు కూడా ఏ మందు కొట్టాలని అడుగుతాడే గాని, ఈగలను ఎలా తరలించాలని అడగడు. ఈ ప్రశ్నను మార్చవలసిన బాధ్యత వ్యవసాయ విశ్వవిద్యాలయాలది, కృషి విజ్ఞాన కేంద్రాలది.

ముందుగా జాతిని గుర్తించాలి. కొండ తేనెటీగ ఎత్తైన కొమ్మలకు, నీటి ట్యాంకులకు, భవనాల అంచులకు ఒకే పెద్ద పట్టును ఆరుబయట కడుతుంది. చిన్న తేనెటీగ పొదలలో చిన్న పట్టు కడుతుంది. ఈ రెండూ పెట్టెలలో నిలిచి పెరిగేవి కావు. కొండి లేని తేనెటీగలు గోడ రంధ్రాలలో ఉన్నా కుట్టలేవు గనుక వాటిని కదిలించవలసిన అవసరమే లేదు. చీకటి తొర్రలో అనేక పట్టులను సమాంతరంగా కట్టి, పెట్టెలో కూడా ఇమిడేది పుట్ట తేనెటీగ అని పిలువబడే భారతీయ తేనెటీగ, అనగా ఎపిస్ సెరానా. తరలింపు చర్చ ప్రధానంగా దీనికే వర్తిస్తుంది.

ఈ జాతి విషయంలో నష్టం చిన్నది కాదు. 1990వ దశకం ఆరంభంలో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ తెగులు దక్షిణ భారతంలో సెరానా కుటుంబాలను పెద్దఎత్తున నశింపజేసింది. పెంపకందారులు అనేకులు ఐరోపా తేనెటీగ వైపు మళ్ళారు. నేడు ఎవరి సాయమూ లేకుండా తొర్రలో జీవిస్తున్న కుటుంబం ఆ తెగులును తట్టుకొని వచ్చిన సంతతి కావచ్చు. అటువంటి కుటుంబాన్ని మందుతో చంపడమంటే పరీక్షించకుండానే విత్తనాన్ని పారవేయడం వంటిది.

పురుగుమందు వల్ల సమస్య కూడా తీరదు. ఈగలు చనిపోయాక పట్టులను కాపాడేవారుండరు. పిల్ల పురుగులు కుళ్ళుతాయి, తేనె గోడల వెంట కారుతుంది, మైనపు పురుగు, చీమలు చేరుతాయి. పరిసరాలలోని ఇతర కుటుంబాల ఈగలు ఆ విషపూరితమైన తేనెను తమ గూళ్ళకు మోసుకుపోతాయి. పాత మైనపు వాసన మిగిలి ఉన్నంతకాలం మరొక గుంపు అదే సందులోకి వచ్చే అవకాశమూ ఉంటుంది.

తొర్రను తెరవగలిగినచోట పట్టులను కోసి తరలించడమే ఉత్తమం. స్వల్పంగా పొగ పెట్టి, పిల్లలున్న పట్టులను ఒక్కొక్కటిగా కోసి, అరటి నారతో ఫ్రేములకు కట్టి, రాణి ఈగను వెదకి పెట్టెలో చేర్చాలి. సాయంకాలం మేత ఈగలు తిరిగి వచ్చిన తరువాతనే పెట్టెను దూరప్రాంతానికి తరలించాలి. దగ్గరలోనే ఉంచితే అవి పాత గూటికే మళ్ళుతాయి. సెరానాకు గూడు విడిచి లేచిపోయే స్వభావం ఎక్కువ. కనుక తొలి రోజులలో ద్వారానికి రాణి ఈగ దాటలేని జాలీ అమర్చి, చక్కెర పాకం ఇవ్వాలి.

తెరవడానికి వీలుకాని రాతి కట్టడాలు, పాత చెట్లు ఉన్నచోటనే అసలు చిక్కు. ఇక్కడ శంకువు ఆకారపు తీగజాలీ పద్ధతి పనికివస్తుంది. ఒక్క ద్వారం మినహా మిగిలిన సందులన్నీ మూసి, ఆ ద్వారానికి జాలీ వెడల్పు వైపును బిగించి, కొస వద్ద ఒకటి రెండు ఈగలు పట్టే రంధ్రం ఉంచుతారు. బయటకు వచ్చిన ఈగలు తిరిగి లోపలికి దారి కనుగొనలేవు. పక్కనే ఉంచిన పెట్టెలో గుడ్లు, లేత పిల్ల పురుగులు, వాటిని సాకే ఈగలు గల ఫ్రేము ఉంటే మేత ఈగలు అందులో చేరి కొత్త రాణిని పెంచుకుంటాయి. ఈ ఫ్రేము సెరానా కుటుంబం నుండే రావాలి. ఐరోపా తేనెటీగ అరలు పెద్దవి, జాతి వేరు. శిక్షణ కేంద్రంలో అందుబాటులో ఉన్నది కదా అని దాని ఫ్రేమును వాడరాదు.

ఈ పద్ధతిని బోధించేటప్పుడు దాచకూడని సత్యం ఒకటి ఉన్నది. పాత రాణి సాధారణంగా బయటకు రాదు. కూలి ఈగలు తరిగిపోయిన కొద్దీ లోపలి పిల్లలు, చివరకు రాణి నశిస్తాయి. ఈ విధంగా కాపాడబడేది శ్రమించే ఈగలు మాత్రమే. పాత రాణి వంశం కాదు. తెగులును తట్టుకున్న సంతతిని నిలుపుకోవడమే లక్ష్యమైతే, కూలి ఈగ గుడ్డు నుండి వెలువడడానికి సుమారు 3 వారాలు పడుతుందన్న లెక్కతో జాలీని 4 నుండి 6 వారాలు ఉంచి గూడు ఖాళీ చేయడం సరైన మార్గం కాదు. గూడు తెరవడానికి గల అవకాశాలన్నీ పరిశీలించిన తరువాతనే దీనిని ఎంచుకోవాలి.

ఇన్ని వారాలు ఎవరు కాపలా ఉంటారన్న ప్రశ్న న్యాయమైనదే. బడి గోడకు పెట్టె వ్రేలాడుతుంటే పిల్లల తల్లిదండ్రులు అంగీకరించరు. ఆ పనిని సెలవులలో చేపట్టాలి. అయితే వేసవి సెలవులలో పూత తక్కువ గనుక పెట్టెకు పాకం అందించక తప్పదు. కుట్లు పడితే ప్రాణాపాయం కలిగే వ్యక్తి పక్కనే నివసిస్తున్నప్పుడు మనిషి భద్రతకే ప్రథమ స్థానం ఇవ్వాలి. కాని అటువంటి అత్యవసర పరిస్థితిని ప్రతి తొర్రకూ అన్వయించడం తగదు. ఎవరికీ అడ్డురాని ఎత్తులో, పొలం గట్టు చెట్టులో ఉన్న గూటిని అలాగే వదిలివేయాలని సలహా ఇవ్వడం కూడా విస్తరణ సేవయే. ఆ ఈగలు నువ్వు, పొద్దుతిరుగుడు, కూరగాయల పూతకు ఉచితంగా పనిచేస్తాయి.

కావలసిన ఏర్పాట్లు పెద్దవి కావు. ప్రతి కృషి విజ్ఞాన కేంద్రంలో రెండు మూడు సెరానా కుటుంబాలు నిలకడగా ఉంటే లేత పిల్లల ఫ్రేము ఎప్పుడైనా దొరుకుతుంది. విద్యార్థులు గ్రామీణ అనుభవ శిక్షణ కాలంలో ఒక గూటి తరలింపునైనా ఆరంభం నుండి అంతం వరకు చేసి, ద్వారం ఎత్తు, తొర్ర స్వభావం, రాణి దొరికినదీ లేనిదీ, మూడు నెలల తరువాత పెట్టెలో ఈగలు నిలిచినదీ లేచిపోయినదీ నమోదు చేయాలి. విఫలమైన తరలింపుల వివరాలు కూడా అందులో ఉండాలి. అటువంటి నమోదు పోగుపడిన నాడు, ఏ మందు కొట్టాలని ఫోను చేసిన రైతుకు శాస్త్రవేత్త ఇచ్చే జవాబు తమ జిల్లా అనుభవం మీద నిలబడి ఉంటుంది.