తోకే కదా అని వదిలేస్తే!

క్లయింట్ నుంచి మెయిల్ వచ్చింది. ‘ద డెడ్‌లైన్ హ్యాజ్ బీన్ మూవ్డ్ అప్ బై టూ డేస్’ అని ఉంది. అసలు గడువు శుక్రవారం. మరి ఇప్పుడెప్పుడు? ఆదివారం అనుకుని హాయిగా ఫోన్ పక్కన పడేశారా? కొంప మునిగినట్టే. పని బుధవారానికే ఇచ్చేయాలి. ‘మూవ్ అప్’ అంటే అనుకున్నదానికంటే ముందే జరిగేలా మార్చడం. వాయిదా వేస్తే ‘పుష్ బ్యాక్’ అంటారు. మనకి ‘ప్రీపోన్’ అనే చక్కటి మాట ఉంది కానీ, అమెరికా ఆయన నోట అది వినిపించడం కష్టం. లండన్ వాళ్లయితే ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అంటారు. అదీ ముందుకే!

ఇలా మామూలు వెర్బ్‌కి అప్, ఆఫ్, అవుట్, ఆన్ లాంటి బుల్లి తోక తగిలిస్తే పుట్టేదే ఫ్రేజల్ వెర్బ్. ఆ తోక పేరు పార్టికిల్. ‘గివ్’ మీకు తెలుసు, ‘అప్’ కూడా తెలుసు. కానీ ‘గివ్ అప్’ అంటే పైకి ఇవ్వడం కాదుగా, వదిలేసుకోవడం. ఇంగ్లిష్ నేర్చుకునే పరాయి వాళ్లకి అన్నిటికన్నా కష్టమైనవి ఇవేనని శామ్యూల్ జాన్సన్ 1755లోనే తన డిక్షనరీ ముందుమాటలో ఒప్పేసుకున్నాడు. కాబట్టి ఇవి తికమక పెడుతున్నాయంటే లోపం మీలో ఉందని దిగులు పడకండి.

నిజానికి ఈ వ్యవహారం మనకి కొత్త కాదు. ఆహారం తినేది, విహారం తిరిగేది, సంహారం చంపేది, పరిహారం ప్రభుత్వం ఇస్తానని చెప్పేది. అన్నిటికీ మూలం ఒకటే ధాతువు, ముందున్న ముక్క మారేసరికి అర్థం ఎక్కడికో పోయింది. సంస్కృతం ముందు కొమ్ము పెడితే, ఇంగ్లిష్ వెనక తోక పెట్టింది, అంతే తేడా.

అచ్చ తెలుగులోనూ దీని చుట్టం ఉంది. ‘తిను’ వేరు, ‘తినేయ్’ వేరు కదా. ప్లేటు ఖాళీ చేయమని చెప్పాలంటే మనం రెండోదే అంటాం. సరిగ్గా అదే ‘ఈట్’కీ ‘ఈట్ అప్’కీ తేడా. ‘డ్రింక్ అప్’ అంటే తాగేయ్, ‘యూజ్ అప్’ అంటే వాడేయ్. ఇక్కడ ‘అప్’కి పైన అనే అర్థం లేనే లేదు, పని మొత్తం అయిపోవాలి అని సూచన. అలాగని ప్రతి ‘అప్’కీ ఈ తాళం పట్టదు. ‘షో అప్’ అంటే చూపించేయడం కాదు, మనిషి రావడం. ‘ఆఫ్’ అయితే మరీ మొండిది. ‘ద లైట్స్ వెంట్ ఆఫ్’ అంటే లైట్లు ఆరిపోయాయి. ‘ద అలారం వెంట్ ఆఫ్’ అంటే మాత్రం అలారం మోగింది! దీనికి న్యాయం అడక్కండి, వాక్యంతో సహా గుర్తుపెట్టుకోండి.

అర్థాల సంగతి అలా ఉంచి, ఇంటర్వ్యూల్లో మనల్ని పట్టిచ్చేది ఇంకోటుంది. ‘టర్న్ ఆఫ్ ద ఫ్యాన్’ అనొచ్చు, ‘టర్న్ ద ఫ్యాన్ ఆఫ్’ అనొచ్చు, రెండూ కరెక్టే. ఫ్యాన్ బదులు ‘ఇట్’ వచ్చిందా, ఇక ఒకటే దారి: ‘టర్న్ ఇట్ ఆఫ్’. ‘టర్న్ ఆఫ్ ఇట్’ చెల్లదు. ‘ఐ విల్ ఫిగర్ అవుట్ ఇట్’ అని చాలామంది ధీమాగా అనేస్తుంటారు. ‘ఫిగర్ ఇట్ అవుట్’ అనాలి. ఇట్, హిమ్, హర్, దెమ్ వస్తే మధ్యలోనే కూర్చోవాలి. మరి అన్నిటికీ ఇంతేనా అంటే, కాదు. ‘లుక్ ఆఫ్టర్’, ‘లుక్ ఇంటు’ లాంటివి విడదీయరాని జంటలు. ‘లుక్ ఆఫ్టర్ హర్’, ‘లుక్ ఇంటు ఇట్’ అనే అనాలి. రెండు తోకలున్న ‘పుట్ అప్ విత్’ కూడా అంతే, మధ్యలోకి ఎవర్నీ రానివ్వదు.

రెండు తోకలంటే గుర్తొచ్చింది. ఉద్యోగం మెయిల్ చివర ‘లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యూ’ అని రాస్తున్నారా? ‘హియరింగ్’ అని మార్చండి. అక్కడి ‘టు’ కూడా తోకలో భాగమే, దాని తర్వాత ‘ఇంగ్’ రావాలి.

మీ ఫోన్‌లోనే ఇంకో పాఠం ఉంది. ‘లాగిన్’ అని కలిపి రాస్తే అది నౌన్. పని చేయమని చెప్పాలంటే విడదీసి ‘లాగ్ ఇన్’ అని రాయాలి. బ్యాకప్, బ్యాక్ అప్ కూడా ఇంతే. అనుమానం వస్తే పాస్ట్ టెన్స్‌లో పెట్టి చూడండి. ‘లాగ్డ్ ఇన్’ అంటాం గానీ ‘లాగిన్డ్’ అనం కదా! పలకడంలోనూ తేడా ఉంది. నౌన్ అయితే ఊనిక మొదటి ముక్క మీద, వెర్బ్ అయితే తోక మీద పడుతుంది.

బళ్లో మనకి పోస్ట్‌పోన్, క్యాన్సిల్, టాలరేట్ లాంటి బరువైన మాటలే ముందు నేర్పారు. అందుకే పరీక్షలో మార్కులొచ్చిన వాళ్లు కూడా టీమ్ కాల్‌లో తడబడతారు. అక్కడివాళ్లు ‘పుట్ ఆఫ్’, ‘కాల్ ఆఫ్’, ‘పుట్ అప్ విత్’ అంటారు మరి. మొదటి రెండూ కలగలిపేయకండి. మీటింగ్ ‘పుట్ ఆఫ్’ అయితే ఇంకో రోజు ఉంటుంది, ‘కాల్డ్ ఆఫ్’ అయితే ఇక లేనట్టే.

మనం సొంతంగా అతికించిన తోకలూ ఉన్నాయి. ‘కోప్ అప్ విత్’ అనేది అలాంటిదే. ‘కీప్ అప్ విత్’, ‘క్యాచ్ అప్ విత్’ విని విని మన నోటికి అంటుకున్నట్టుంది. ‘కోప్ విత్’ అంటే చాలు. ఇక ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2023’ అని అమెరికా మేనేజర్‌తో అంటే, ఆ ఏడాది మీరు కళ్లు తిరిగి పడిపోయారనుకుంటాడు. రెజ్యూమెలో ‘గ్రాడ్యుయేటెడ్’ అని రాసుకోండి.

వచ్చే వారం దాకా మీకో చిన్న పని. ‘రన్ అప్ ఎ హిల్’, ‘రన్ అప్ ఎ బిల్’. ఒకదాంట్లో ‘ఇట్’ మధ్యలోకి వస్తుంది, ఇంకోదాంట్లో రాదు. ఏది, ఎందుకు? కామెంట్లలో రాయండి.