వద్దనటానికి చోటేది?

పిల్లలూ! పోయిన ఆదివారం మా మనవరాలు ఏదో పాఠం కోసం నా సెల్‌ఫోనులో ఒక వెబ్‌సైటు తెరిచింది. తెరిచీ తెరవకముందే అడుగునుంచి ఒక పెట్టె లేచి సగం పేజీని కప్పేసింది. "మేము కుకీలు వాడుతాము, ఒప్పుకుంటున్నారా?" అని అందులో ఉన్నది. అమ్మాయి అది చదవనైనా చదవకుండా పెద్ద బటను నొక్కేసింది.

"దేనికి ఒప్పుకున్నావమ్మా?" అని అడిగాను.

"ఏమో తాతయ్యా! నొక్కితేగాని అది పోదు" అన్నది.

మీరూ రోజూ చేస్తున్నది ఇదే గదా!

కుకీ అంటే బిస్కెట్టు. అయితే ఇది తినేది కాదు. గుడి దగ్గర చెప్పులు అప్పగిస్తే అక్కడి మనిషి ఒక బిళ్ళ ఇస్తాడు. అంతమంది మొహాలు అతనికి జ్ఞాపకముండవు. బిళ్ళ చూపితే మీ చెప్పులేవో తెలుస్తుంది. వెబ్‌సైటు నడిపే కంప్యూటరుకూ అంతే మతిమరుపు. ఒక పేజీ పంపగానే మిమ్మల్ని మరచిపోతుంది. అందుకని 1994లో అమెరికాలో నెట్‌స్కేప్ కంపెనీ ఇంజనీరు లూ మోంటుల్లీ, చిన్న గుర్తు ఒకటి మన కంప్యూటరులోనే దాచి, మళ్ళీ వెళ్ళినప్పుడు అది చూపించే ఏర్పాటు చేశాడు. ఇంతవరకు తప్పేమీ లేదు.

కాని బిళ్ళ ఇచ్చినవాడి మనుషులు సంతలో ప్రతి అంగడి ముందూ నిలబడి మీ బిళ్ళ నంబరు వ్రాసుకుంటున్నారనుకోండి. మీరు ఏ మిఠాయి దగ్గర ఆగారో, ఏ మందు కొన్నారో సాయంత్రానికల్లా వాడి పద్దులో ఉంటుంది. మీ పేరు తెలియకపోయినా మీరెవరో తెలిసినట్టే! ప్రకటనల కంపెనీలు అనేక వెబ్‌సైట్లలో ఇదే పని చేస్తూ వచ్చినవి.

ఐరోపావారు దీనికి అడ్డు వేశారు. అవసరం లేని కుకీ పెట్టాలంటే ముందుగా సమ్మతి అడగాలని 2009లో నిబంధన సవరించారు. 2018 మే 25న అమలులోకి వచ్చిన మరో చట్టం ఆ సమ్మతి స్పష్టంగా ఉండాలన్నది. వ్యాపారులు ఊరుకుంటారా? ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి సమ్మతి కాదని 2019లో అక్కడి న్యాయస్థానం తీర్పు చెప్పవలసి వచ్చింది. ఒప్పుకోవటానికి ఒక్క నొక్కు, వద్దనటానికి అనేక నొక్కులు పెట్టినందుకు గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసినట్టు ఫ్రాన్సు అధికారులు 2022 జనవరిలో ప్రకటించారు. మన పార్లమెంటు 2023లో చేసిన చట్టం కూడా 18 ఏళ్ళు నిండనివారి వివరాలు వాడుకోవటానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది.

ఆ జరిమానా సంగతి చదివినప్పుడు నాకు సిగ్గువేసింది. హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో విహారయాత్రకని పిల్లల ఇళ్ళకు ఒక పత్రం పంపాను. అందులో "మా అబ్బాయిని పంపుతున్నాను" అన్న ఒక్క వాక్యమే ఉన్నది, క్రింద సంతకానికి గీత. ఒక రైతు ఆ కాగితం పట్టుకుని వచ్చి, "పంపనని వ్రాయటానికి చోటేదండీ, మేష్టారూ?" అన్నాడు. జవాబు తోచక, పత్రాలన్నీ మళ్ళీ వ్రాయించాను.

మొన్న మనవరాలూ నేనూ ఫోనులో దాచిన కుకీలు చెరిపివేసి, ఆ పెట్టెను మళ్ళీ రప్పించాము. "వద్దు" అన్న మాట రెండో పేజీలో, బూడిదరంగు చిన్న అక్షరాలలో దొరికింది. నా కళ్ళజోడు తెచ్చుకోవలసి వచ్చిందనుకోండి! నొక్కాము. పాఠం మామూలుగానే తెరుచుకున్నది.